ఐదు అవయవాలు, ఆరు శబ్దాలు

శ్రీశైలానికి నాలుగు ద్వారాలని పేరు. వాటిలో పడమటిది అలంపురం, ఉత్తరాన ఉన్నది ఉమామహేశ్వరం. ఒకటి జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంటే రెండోది నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో ఉన్న వడ్డేపల్లి లాంటి ఊళ్ళకు ఆ కొండ తరతరాలుగా తెలిసిందే. పోయినవాళ్ళు మల్లన్న దర్శనం చేసుకుని తిరిగి వస్తారు గానీ, గుడి చుట్టూ ఉన్న ప్రాకారం గోడ ముందు నిలబడి తీరిగ్గా చూసేవాళ్ళు తక్కువ. విజయనగర కాలం నాటి ఆ గోడ మీద శిల్పాలు వరసలు కట్టి ఉంటాయి. ఏనుగులు, గుర్రాలు, వేట దృశ్యాలు, శివుని కథలు. వాటి మధ్యలో చేప మీద కూర్చున్న మత్స్యేంద్రనాథుడు, మోకాళ్ళకు యోగపట్టం బిగించుకున్న సిద్ధులు, ఒళ్ళు మెలిపెట్టిన యోగులు. ఊపిరిని, ఒంటిని లొంగదీసుకుంటే రోగం, ముసలితనం దగ్గరికి రావని నమ్మిన మనుషులు వీళ్ళు. తెలుగునేల మీద ఆ నమ్మకానికి మిగిలిన పెద్ద రాతిసాక్ష్యాల్లో ఈ గోడ ఒకటి.

ఇలాంటి సాక్ష్యమే చైనాలో పట్టుగుడ్డ మీద దొరికింది. చాంగ్‌షా నగరం దగ్గర మావాంగ్‌దుయ్ అనే చోట 1973లో ఒక సమాధిని తవ్వారు. దాన్ని మూసింది క్రీ.పూ. 168లో. లోపల దొరికిన గుడ్డ మీద 44 మంది ఆడామగా రకరకాల భంగిమల్లో ఉన్నారు. కొందరు వంగుతున్నారు, కొందరు చేతులు చాస్తున్నారు, ఒకరిద్దరు జంతువుల నడకను అనుకరిస్తున్నారు. కొన్ని బొమ్మల పక్కన ఆ కదలిక ఏ బాధకో రాసి ఉంది: మోకాళ్ళ నొప్పికి ఒకటి, చెవుడుకు ఒకటి. ఇవాళ చీగాంగ్ అని ప్రపంచమంతా పిలుస్తున్న సాధనకు మనకు దొరికిన తొలి చిత్రపటం ఇదే. మన సాధనకూ దీనికీ రాకపోకలు లేకపోలేదు. 7వ శతాబ్దపు వైద్యుడు సున్ సిమియావో తన గ్రంథంలో భారతదేశపు బ్రాహ్మణ పద్ధతి అని పేరు పెట్టి 18 కదలికల వ్యాయామం ఒకటి రాసిపెట్టాడు. అది నిజంగా ఇక్కడి నుంచే వెళ్ళిందా, గిరాకీ కోసం పరాయి పేరు తగిలించారా అన్నది వేరే చర్చ. పరాయి ఊరి వైద్యానికి విలువ ఎక్కువన్న నమ్మకం అప్పటికే ఉన్నట్టుంది.

ఈ పాత సాధన చుట్టూ చైనా వైద్యం ఒక అవయవాల పటం గీసింది. ఫలానా కదలిక కాలేయానికి, ఫలానా శబ్దం మూత్రపిండాలకు అని పంచిపెట్టింది. సాధన వల్ల మేలు జరిగిందనడానికి సాక్ష్యం ఉంది. ఆ మేలు పటంలో చూపిన దారినే నడిచి వచ్చిందనడానికి సాక్ష్యం లేదు. రాలేదనడానికి మాత్రం బలమైన ఆధారాలున్నాయి. ఈ రెండింటినీ విడదీయకపోవడం వల్ల సమర్థించేవాళ్ళూ వెక్కిరించేవాళ్ళూ ఒకే పొరపాటు చేస్తున్నారు. ఒంటికి హాయిగా ఉంది కాబట్టి పటం నిజమని మొదటివాళ్ళు అంటారు. పటం అబద్ధం కాబట్టి హాయి కూడా భ్రమేనని రెండోవాళ్ళు అంటారు.

ముందు పటం సంగతి. రెండువేల ఏళ్ళకు పైబడిన 'హువాంగ్‌దీ నేజింగ్' చైనా వైద్యానికి మూలగ్రంథం. అందులో ఒళ్ళు ఒక రాజ్యం. గుండె రాజు, ఊపిరితిత్తులు మంత్రి, కాలేయం సేనాపతి. ప్రతి అవయవానికి ఒక మూలకం, ఒక ఋతువు, ఒక రుచి, ఒక ఉద్వేగం ఉన్నాయి. కాలేయానికి కొయ్య, కోపం. గుండెకు నిప్పు, సంతోషం. ప్లీహానికి మట్టి, చింత. ఊపిరితిత్తులకు లోహం, దుఃఖం. మూత్రపిండాలకు నీరు, భయం. వాత పిత్త కఫాలకు అలవాటుపడిన మనకు ఈ రకమైన లెక్క వింతగా తోచదు. అయితే ప్లీహానికి ఇక్కడ అన్నం అరిగించే పని ఇచ్చారు. మన ఒంట్లో ఉన్న ప్లీహం ఆ పని చేయదు, పాత ఎర్ర కణాలను ఏరిపారేస్తుంది, రోగనిరోధకంలో పాలుపంచుకుంటుంది. మూత్రపిండాలకు ఎముకలు, తలవెంట్రుకలు, వినికిడి అప్పగించారు. మూడు పొయ్యిలు అనే అర్థం వచ్చే పేరుతో ఒక అవయవం కూడా ఉంది. అది ఎక్కడుందో ఎవరూ చూడలేదు. దానికి పేరే ఉంది, రూపం లేదని పాత చైనా గ్రంథమే ఒప్పుకుంది. ఆ నిజాయితీ మెచ్చుకోదగిందే.

ఈ పటం మీద కట్టిన సాధనల్లో అందరికీ అందేది ఆరు శబ్దాల సాధన. చైనా పేరు లియు జీ జుయే. నిలబడి, మోకాళ్ళు కొద్దిగా సడలించి, ముక్కుతో ఊపిరి పీల్చి, నోటితో మెల్లగా వదులుతూ ఒక్కో శబ్దం చేస్తారు. కాలేయానికి షూ, గుండెకు హ, ప్లీహానికి హూ, ఊపిరితిత్తులకు పళ్ళ మధ్య నుంచి వచ్చే స్, మూత్రపిండాలకు ఛుయ్, ఆ రూపం లేని ఆరో దానికి షీ. షూ అనేటప్పుడు చేతిని పక్కకు చాస్తూ నడుము తిప్పుతారు. ఛుయ్ అనేటప్పుడు పెదాల కొనలు వెనక్కి లాగి, సన్నని సందులోంచి గాలి వదులుతూ, అరచేతులతో నడుము కింద నుంచి కాళ్ళ పక్కలకు నిమురుకుంటూ కొద్దిగా కూర్చున్నట్టు దిగుతారు. ఒక్కో శబ్దం ఆరుసార్లు. చేసేవాళ్ళకు ఒళ్ళు వెచ్చబడుతుంది, ఆవులింతలు వస్తాయి, మనసు కుదురుకుంటుంది. ఇదంతా నిజమే.

ఇంతకంటే ఆసక్తికరమైన విషయం ఆ శబ్దాల పాత చరిత్రలో ఉంది. క్రీ.శ. 456 నుంచి 536 దాకా బతికిన తావో హోంగ్‌జింగ్ పేరిట నడుస్తున్న గ్రంథంలో ఈ ఆరు ఊపిర్లు మొదట కనిపిస్తాయి. అక్కడ షూ కాలేయానిది కాదు, ఊపిరితిత్తులది. హ గుండెది కాదు, కాలేయానిది. స్ ఊపిరితిత్తులది కాదు, మూత్రపిండాలది. తర్వాత 9వ శతాబ్దంలో హూ ఇన్ అనే తావో సన్యాసిని తన గ్రంథంలో జతలు మార్చేసింది. అవయవాలకు ఇవాళ చెప్పుకుంటున్న శబ్దాలు ఎక్కువగా ఆమె దగ్గరివే. ఆమె ఆరో శబ్దాన్ని పిత్తాశయానికి ఇస్తే, తర్వాతి వాళ్ళు దాన్ని మూడు పొయ్యిలకు మార్చారు. ఆమె ఎందుకు మార్చిందో ఊహించవచ్చు: అవయవాలకు, మూలకాలకు, సంగీత స్వరాలకు ఉన్న లెక్క ఒకదానితో ఒకటి పొసగాలి. ఒకరి శబ్దం ఇంకొకరికి వెళ్ళిపోయాక కూడా సాధన ఆగలేదు. మేలు తగ్గిందని ఎవరైనా గొడవ చేసినట్టూ కనబడదు. ఒక మందును పరీక్షించాలంటే అసలు మందు కొందరికి, మారుమందు కొందరికి ఇచ్చి పోల్చి చూస్తారు. చైనా చరిత్ర తెలియకుండానే తన సాధన మీద ఆ పరీక్ష చేసింది. శబ్దాలు చిరునామాలు మార్చుకున్నాయి, ఉత్తరాలు అందుతూనే ఉన్నాయంటే, చిరునామా చదివేవాళ్ళు అక్కడ ఎవరూ లేరన్నమాట.

ఒంటిని తెరిచి చూసిన ఇద్దరి ప్రస్తావన ఇక్కడ అవసరం. వాంగ్ చింగ్‌రెన్ అనే చైనా వైద్యుడు 1797లో ఒక అంటురోగం రోజుల్లో, సరిగ్గా పూడ్చకుండా వదిలేసిన పిల్లల శవాలను పదేపదే వెళ్ళి పరిశీలించాడు. శాస్త్రంలో రాసిన అవయవాలకూ కళ్ళముందున్న అవయవాలకూ పొంతన కుదరలేదు. 1830లో తప్పులు సవరిస్తూ పుస్తకం అచ్చువేశాడు. అతని సవరణల్లోనూ తప్పులున్నాయి, అది వేరే మాట. మన దేశంలో స్వామి దయానంద సరస్వతి తన ఆత్మకథలో ఇలాంటిదే చెప్పుకున్నాడు. గంగలో కొట్టుకొచ్చిన శవాన్ని ఒడ్డుకు లాగి, కత్తితో కోసి, హఠయోగ గ్రంథాల్లో చదివిన చక్రాల కోసం వెతికాడు. కనిపించకపోయేసరికి ఆ పుస్తకాలను చింపి శవంతో పాటు నీళ్ళలో పడేశాడు. ఇద్దరిలోనూ ఒకే పట్టుదల ఉంది: ఒంటి గురించి చెప్పిన మాట ఒంట్లో కనబడాలి.

సంప్రదాయం తరఫు పండితులు దీనికి ఒక గట్టి జవాబు ఇస్తారు. మా కాలేయం అంటే కడుపులో కుడివైపున్న మాంసపు ముద్ద కాదు, ఒక పనుల సముదాయం. దాన్ని కోసి చూడడమే తెలివితక్కువతనం అంటారు. చరిత్రపరంగా ఈ మాటలో చాలా నిజం ఉంది. పాత వైద్యుడు నాడి పట్టుకుని, నాలుక చూసి, నిద్ర సంగతి అడిగి, కనిపించిన లక్షణాల గుంపుకు ఒక అవయవం పేరు పెట్టాడు. ఆ లక్షణాల గుంపులు కొన్ని గమనింపుగా పదునైనవే. కానీ ఈ జవాబును ఒప్పుకుంటే దాని ఖరీదు కూడా కట్టాలి. కాలేయం పనుల సముదాయమే అయితే, షూ శబ్దం కాలేయానికి మంచిదని చెప్పి, కామెర్లు వచ్చినవాడికో, లివర్ చెడిన తాగుబోతుకో ఆ సాధన చెప్పకూడదు. మూత్రపిండం ఒక భావన అయితే, క్రియాటినిన్ పెరిగిన మనిషికి ఛుయ్ అనమని సలహా ఇవ్వకూడదు. వాదనలో చిక్కుకున్నప్పుడు అవయవం భావన అయిపోయి, రోగి ఎదురుగా కూర్చున్నప్పుడు మళ్ళీ మాంసపు ముద్ద అవుతున్నది. రెండు పడవల ప్రయాణం ఇక్కడ కుదరదు.

మరి మేలు ఎక్కణ్ణుంచి వస్తోంది? మామూలుగా మనం నిమిషానికి పన్నెండు నుంచి ఇరవైసార్ల దాకా ఊపిరి తీస్తాం. శబ్దం చేస్తూ మెల్లగా వదిలితే అది ఆరుకు దగ్గరగా పడిపోతుంది. ఇటలీలో లుచానో బెర్నార్దీ బృందం 2001లో ప్రచురించిన పరిశోధనలో 23 మంది ఆరోగ్యవంతుల చేత లాటిన్‌లో మరియ జపమాల, మరోసారి బౌద్ధ మంత్రం చదివించారు. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి ఆరుసార్లకు దిగింది. రక్తపోటును క్షణక్షణం సరిచేసే నాడీ ప్రతిచర్య చురుకైంది. జపమాలకు, మంత్రానికి ఒంట్లో ఒకే ఫలితం వచ్చిందంటే పనిచేసింది దేవుడి పేరు కాదు, ఊపిరి వేగం. ఛుయ్ శబ్దాన్నే తీసుకోండి. దీర్ఘకాలం పొగ పీల్చి ఊపిరితిత్తులు పాడైన సీఓపీడీ రోగులకు పెదాలు ముడిచి మెల్లగా ఊదమని ఆసుపత్రుల్లో నేర్పిస్తారు. అలా ఊదితే లోపల ఒత్తిడి నిలిచి, చిన్న గాలిగొట్టాలు ముందే మూసుకుపోకుండా ఉంటాయి, ఆయాసం తగ్గుతుంది. పెదాల ఆకారం కొంచెం తేడా అయినా ఛుయ్ చేసేది దాదాపు ఇదే. అంటే మూత్రపిండాల శబ్దం అని పేరు పెట్టిన దాని వల్ల ముందు బాగుపడేవి ఊపిరితిత్తులు! భ్రామరి ప్రాణాయామంలో లాగా ముక్కుతో ఝుమ్మన్నప్పుడు ముక్కులోంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ మామూలుకంటే పదిహేను రెట్లు పెరుగుతుందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2002లో కొలిచారు. అంతమాత్రాన దానితో ఏ జబ్బు నయమవుతుందో తేలిపోలేదు. కొలవగలిగిన మార్పు ఒకటి ఉంది, అంతవరకే.

కదలికల విషయం ఇంకా స్పష్టం. తాయ్‌చీ అనేది చీగాంగ్‌కు దగ్గరి చుట్టం. అమెరికాలో 195 మంది పార్కిన్సన్స్ రోగులను మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు తాయ్‌చీ, ఒక గుంపుకు బరువుల వ్యాయామం, ఒక గుంపుకు ఒళ్ళు సాగదీయడం వారానికి రెండుసార్లు 24 వారాలు చేయించారు. తాయ్‌చీ గుంపులో తూలిపడకుండా నిలబడే శక్తి మిగతా రెండు గుంపులకంటే మెరుగైందని 2012లో ప్రచురించారు. ముసలివాళ్ళు పడిపోకుండా ఉండడానికి వ్యాయామం ఎంత పనికొస్తుందో లెక్కగట్టిన 2019 నాటి కొక్రేన్ సమీక్షలో, మొత్తం మీద వ్యాయామం పడిపోయే సంఖ్యను 23 శాతం తగ్గించిందని తేలింది. తాయ్‌చీకి కూడా అందులో చోటు దక్కింది. బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మెల్లగా మార్చుకుంటూ నడవడం నేర్చినవాడు తక్కువ పడతాడు. దీనికి చీ అనే ప్రాణశక్తి అక్కర్లేదు. తొడకండరం, చెవిలోని సమతౌల్య వ్యవస్థ, మెదడు చాలు.

పహాణీలో పట్వారీ సర్వే నంబరు తప్పు రాసినంత మాత్రాన పొలం పండడం మానదు. అలాగని, పంట బాగా పండింది కాబట్టి పహాణీ ఒప్పే అనడానికీ లేదు. చీగాంగ్ విషయంలో వేయవలసిన ప్రశ్న పంట పండిందా అని కాదు, నంబరు సరైనదేనా అని. ఆ ప్రశ్నకు దగ్గరగా వచ్చిన పరీక్ష ఆక్యుపంక్చర్ మీద జరిగింది, ఎందుకంటే రెండింటికీ నాడీమార్గాల పటం ఒకటే. జర్మనీలో నడుంనొప్పి ఉన్న 1,162 మందిని తీసుకుని కొందరికి చైనా పటం ప్రకారం సూదులు గుచ్చారు, కొందరికి పటంలో లేని చోట్ల పైపైన గుచ్చారు, కొందరికి మామూలు వైద్యం చేశారు. 2007లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆరు నెలల తర్వాత ఉపశమనం పొందినవాళ్ళు మొదటి గుంపులో 47.6 శాతం, రెండో గుంపులో 44.2 శాతం, మూడో గుంపులో 27.4 శాతం. సూదులు గుచ్చించుకున్నవాళ్ళు బాగుపడ్డారు. ఎక్కడ గుచ్చారన్నది దాదాపు లెక్కలోకి రాలేదు. శ్రద్ధగా చూసే వైద్యుడు, పదే పదే జరిగే ఉపచారం, తగ్గుతుందన్న ఎదురుచూపు, సూది పోటుకు నాడులు స్పందించే తీరు కలిసి పనిచేశాయి. పటం మాత్రం పనిచేయలేదు.

చీగాంగ్ పాత గ్రంథాల నుంచి అలాగే ఎత్తి తెచ్చినది కాదని కూడా చెప్పాలి. ఆ పేరుతో ఒక వైద్యశాఖగా నిలబెట్టింది 1950లలో లియు గుయ్‌జెన్ అనే కమ్యూనిస్టు కార్యకర్త. కడుపులో పుండుతో బాధపడి, పల్లెలో నేర్చుకున్న ఊపిరి సాధనతో కోలుకున్నానని చెప్పుకుని, ఆరోగ్యకేంద్రాలు పెట్టి, 1957లో పుస్తకం రాశాడు. మంత్రాలు, దేవతలు తీసేసి ప్రభుత్వానికి నచ్చేలా శుభ్రం చేసిన సాధన అది. సాంస్కృతిక విప్లవంలో అణిగిపోయి, 1980లలో జ్వరంలా పాకింది. గురువులు అరచేతిలోంచి చీని రోగి మీదికి పంపుతామన్నారు. పరికరాలతో కొలిచామన్నవాళ్ళూ బయల్దేరారు. 1988లో అమెరికా నుంచి వెళ్ళిన పరిశీలకులు ఒక గురువును ఒక గదిలో, రోగిని ఇంకో గదిలో ఉంచి చూశారు. గురువు చీ పంపిన వేళకూ రోగి కదిలిన వేళకూ సంబంధం కుదరలేదు. 1999లో ఫాలున్ గాంగ్ అనే చీగాంగ్ ఉద్యమం మీద నిషేధం వచ్చాక ప్రభుత్వం పగ్గాలు బిగించి, నాలుగు సాధనలను ఆమోదించి ప్రచారంలో పెట్టింది. మనం ఇవాళ వీడియోల్లో చూసే ఆరు శబ్దాలు, ఎనిమిది కదలికల బాదువాన్‌జిన్ ఆ నాలుగింటిలోవే.

ఒక అభ్యంతరం గట్టిది. పాత వైద్యాన్ని తోసిపుచ్చితే మలేరియా మందు ఆర్టెమిసినిన్ దొరికేదా? 2015లో నోబెల్ అందుకున్న తూ యోయో 4వ శతాబ్దపు గె హోంగ్ గ్రంథంలో ఆ మొక్కను నీళ్ళలో నానబెట్టి పిండమన్న మాట చదివి, వేడి తగిలితే గుణం పోతోందని ఊహించింది కదా? నిజమే, చక్కని ఉదాహరణ. కానీ ఆమె ఏం ఉంచుకుంది, ఏం వదిలేసింది చూడండి. జ్వరానికి ఈ మొక్క పనికొస్తుందన్న గమనింపు, నానబెట్టే పద్ధతి ఇచ్చిన సూచన ఉంచుకుంది. చీ ప్రవాహం, ఐదు మూలకాల లెక్క ఆమె ప్రయోగశాలలోకి రాలేదు. గ్రంథం దారి చూపింది, ఎలుకలూ కోతులూ మనుషుల మీది పరీక్ష నిర్ణయించింది. నా వాదన కూడా ఇంతే: సాధనను ఉంచుకుందాం, దాని వివరణను పరీక్షకు పెడదాం.

రెండో అభ్యంతరం, వ్యాయామాన్ని గోలీలా పరీక్షించడం కుదరదని. నేను తాయ్‌చీ చేస్తున్నానని చేసేవాడికి తెలియకుండా దాచలేం కదా అంటారు. సబబైన మాట. అందుకే ఈ రంగంలో చాలా అధ్యయనాలు చిన్నవి, బలహీనమైనవి. 1998లో ఆండ్రూ వికర్స్, అతని సహచరులు ప్రచురించిన సమీక్షలో చైనాలో జరిగిన ఆక్యుపంక్చర్ పరీక్షలన్నీ అనుకూల ఫలితాలే చూపాయని బయటపడింది. పరీక్ష రాసిన ప్రతివాడూ పాసైతే అనుమానించవలసింది ప్రశ్నపత్రాన్ని. అయినా ఆరు శబ్దాల విషయంలో మారుపరీక్ష సులువే. సగం మందికి ఇప్పటి జతలు, సగం మందికి తావో హోంగ్‌జింగ్ జతలు నేర్పించండి. ఊపిరి అదే, సమయం అదే, గురువు అతనే. ఏ జత ఎవరిదో కొలిచేవాడికి చెప్పకండి. పటం నిజమైతే రెండు గుంపుల ఫలితాలు అవయవాల వారీగా వేరు కావాలి. సంప్రదాయంలో పుట్టిన రెండు రూపాల మధ్య పోటీ కాబట్టి పాశ్చాత్య పద్ధతి రుద్దారని ఎవరూ అనలేరు.

మన యోగం విషయంలో ఇలాంటి కొలత జరిగింది. గుండెను ఆపగలనన్న యోగులను వెంగర్, బాగ్చీ, ఆనంద్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు మన దేశంలోనే పరీక్షించి 1961లో ప్రచురించారు. ఊపిరి బిగబట్టి ఛాతీ, కడుపు కండరాలు బిగించినప్పుడు రక్తం గుండెకు తిరిగి రావడం తగ్గి, నాడి చేతికి అందకుండా పోయింది, స్టెతస్కోపులో చప్పుడు మందగించింది. ఈసీజీ కాగితం మీద మాత్రం గుండె కొట్టుకుంటూనే ఉంది. అదే కాలంలో ఢిల్లీ ఎయిమ్స్‌లో రామానంద యోగి గాలి చొరబడని పెట్టెలో గంటల తరబడి కూర్చుని, ఆక్సిజన్ వాడకాన్ని మామూలు విశ్రాంతి అవసరం కంటే కిందికి దించాడు. మొదటి ఫలితం గొప్పలకు గండి కొట్టింది, రెండోది సాధనకు ఉన్న అసలు బలాన్ని చూపింది. రెండూ ఒకే చేతి నుంచి వచ్చాయి. ఆనంద్ రెండింట్లోనూ ఉన్నాడు.

ఇంకో వాదన కొంచెం శాస్త్రం చదివినవాళ్ళ నుంచి వస్తుంది. లోతుగా ఊపిరి తీస్తే ఉదరవితానం కొన్ని సెంటీమీటర్లు కిందికి దిగి, కాలేయాన్ని, మూత్రపిండాలను నెడుతుంది కదా. అది అవయవాలకు మర్దన కాదా? నెట్టడం నిజం, స్కానులో చూడవచ్చు. మర్దన వల్ల మేలు అన్నది ఊహ. రెండు మూత్రపిండాల్లో కలిపి సుమారు 20 లక్షల వడపోత గొట్టాలు రోజుకు 180 లీటర్ల దాకా ద్రవాన్ని వడకడుతుంటాయి. ఆ వడపోత నడిచేది సన్నని రక్తనాళాల్లో ఉండే ఒత్తిడితో, బయటి నుంచి కదిపితే పెరిగేది కాదు. అయితే రోజూ వ్యాయామం చేసినవాడికి రక్తపోటు, షుగరు కొంత అదుపులోకి వస్తాయి, కాలేయంలో కొవ్వు తగ్గుతుంది. ఆ దారిన మూత్రపిండాలకూ కాలేయానికీ మేలు జరుగుతుంది. ఇది చుట్టుదారి మేలు, ఏ అవయవానికీ ప్రత్యేకంగా రాసిపెట్టినది కాదు. చెరువు కట్ట మీద గంటసేపు చురుగ్గా నడిచినవాడికీ అదే దక్కుతుంది. చీగాంగ్‌లో ఎక్కువగా ఉన్నది ఏమిటంటే, మోకాళ్ళు అరిగి నడవలేని ముసలమ్మ కూడా చేయగలదు. ఆ ఒక్క గుణం చాలు దాన్ని గౌరవించడానికి.

ఇంత పట్టుబట్టడం ఎందుకంటే, తప్పు పటం వల్ల నష్టం నడిగడ్డ లాంటి చోటనే ఎక్కువ. గద్వాల చుట్టుపక్కల సీడ్ పత్తి పొలాల్లో సాయంత్రం మొగ్గల్లోంచి కేసరాలు గిల్లి తీసేసి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దే క్రాసింగ్ పని సీజన్లో నెలల తరబడి సాగుతుంది. ఎండలో, నడుము వంచి, మొక్క తర్వాత మొక్క. నడుము పట్టేయడం ఖాయం. బాదువాన్‌జిన్‌లో ఆరో కదలిక ఈ నడుముకు సరిగ్గా సరిపోతుంది: అరచేతులు వెన్ను వెంట నిమురుతూ కిందికి తెచ్చి, మెల్లగా వంగి పాదాలు పట్టుకుని, తిరిగి నిటారుగా లేవడం. దాని పేరులోనే మూత్రపిండాలు, నడుము గట్టిపడతాయని ఉంది. కొన్ని వారాలు చేస్తే నడుము బిగువు సడలుతుంది. మూత్రపిండాలు గట్టిపడ్డాయని చేసిన మనిషి అనుకుంటాడు. నడుంనొప్పి వస్తే కిడ్నీలు చెడిపోతున్నాయని మనవాళ్ళలోనూ ఒక గట్టి నమ్మకం ఉంది. చైనా పటం వచ్చి దానికి శాస్త్రం ముద్ర వేస్తుంది. అసలు నిజం తలకిందులుగా ఉంది. ఎక్కువమంది నడుంనొప్పికి మూత్రపిండాలతో సంబంధం లేదు. ఎక్కువమంది మూత్రపిండాల జబ్బు మొదట్లో నొప్పే ఉండదు. సగానికి పైగా పని పోయేదాకా మనిషి మామూలుగానే తిరుగుతుంటాడు. పైగా ఆ నడుంనొప్పికి ఆర్‌ఎంపీ దగ్గర సూది, మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ గోలీలు ఏళ్ళ తరబడి వాడితే, ఎండలో నీళ్ళు తక్కువ తాగే ఒంట్లో నిజంగా దెబ్బతినేవి మూత్రపిండాలే.

కాబట్టి ఆరో కదలికను నడుము కోసం చేసుకోవచ్చు. నొప్పిగోలీలు తగ్గితే అదే మూత్రపిండాలకు జరిగిన మేలు. షుగరు, బీపీ ఉన్నవాళ్ళు మాత్రం ఏడాదికోసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూపించుకోవాలి, ఎంత హాయిగా అనిపిస్తున్నా సరే. బీపీ అదుపులో లేనివాళ్ళు ఊపిరి బిగబట్టే సాధనలకు పోకూడదు; గ్లకోమా ఉన్నవాళ్ళు తల కిందికి వేలాడేసే కదలికలు మానుకోవాలి; ఎముకలు గుల్లబారిన ఆడవాళ్ళు ముందుకు వంగడం కంటే నిలబడి చేసేవి ఎంచుకోవాలి. కపాలభాతి జోరుగా చేసి ఊపిరితిత్తి పొర చిట్లిన కేసు 2004లో వైద్య పత్రికకెక్కింది. చీగాంగ్ మితిమీరి చేసి మతి చలించినవాళ్ళ గురించి చైనా వైద్యులే రాశారు, 1994 నాటి అమెరికా మానసిక రోగాల గ్రంథంలో దానికి ప్రత్యేకంగా ఒక పేరు కూడా చేరింది. రోజుకు ఇరవై నిమిషాలు మెల్లగా చేసేవాళ్ళకు ఈ భయాలు పెద్దగా లేవు. అసలు ప్రమాదం సాధన మొదలుపెట్టామని బీపీ గోలీ మానేయడంలో ఉంది.